ఉమ్మడి గోడ: పొరుగువారి నోటీసుకు జవాబు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పొరుగువారు ఇల్లు కట్టుచుండగా ప్రక్కింట మగ్గము నేసి చూడు అని మేము దానికి చేర్చుచున్నాము.

మన నేత వీధులలో ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉండును. తాతలనాడు అన్నదమ్ములు పంచుకొన్న ఇల్లే నేడు మూడిండ్లయినది. నడుమ గోడ మాత్రము ఒక్కటే. ఇటు మన దూలము, అటు వారి దూలము దాని మీదనే ఉన్నవి. పాత పెంకుటిండ్లు తీసి మేడలు వేయుచున్న ఈ దినములలో, “గోడ విప్పి కట్టబోవుచున్నాము” అను నోటీసు ఏ ఇంటికైనను రావచ్చును.

మా సంఘ సభ్యులొకరి ఇంటికి అటువంటి కాగితమే వచ్చినది. అది ఈ ప్రాంతపు భాషలో ఉన్నది. ఇంట్లో పెద్దాయనకు తెలుగు తప్ప వేరొక లిపి రాదు. ఏదో పన్ను కాగితమనుకొని, తెచ్చినవాడు చూపినచోట సంతకము చేసి, లెక్కల పుస్తకములో పెట్టినారు. నెల తిరుగకముందే పునాది తవ్వినారు. వారి గుంటమగ్గము ఆ గోడ ప్రక్కనే ఉన్నది. రెండు వానలకు అటు పునాదిలో నిలిచిన నీరు ఇటు మగ్గపు గుంటలోనికి ఊరినది. సగము నేసిన పట్టు పడుగును కోసి దింపవలసివచ్చినది. కొడుకు వెళ్ళి అడుగగా, “మీ నాన్నగారు ఒప్పుకొని సంతకము పెట్టినారు గదా బాబూ” అని కాగితము చూపినారు. సంఘము పెద్దలు కూర్చుండి మాట్లాడి కొంత సొమ్ము ఇప్పించినారు గాని, పోయిన పనిదినములు తిరిగి రాలేదు. ఆ పొరుగువారు చెడ్డవారు కారు. అడుగవలసిన సమయమున మనవారు అడుగలేదు, అంతే.

కావున మొదటి మాట: చదివించుకొనక సంతకము చేయరాదు. చేయవలసివచ్చినచో “అందినది” అని మాత్రము తెలుగులోనైనను వ్రాసి తేదీ వేయవలెను. అందుటవేరు, ఒప్పుకొనుటవేరు.

ఇక చట్టము సంగతి. ఇద్దరికీ చెందిన ఉమ్మడి గోడను ఒకరు రెండవవారి సమ్మతి లేక ఎత్తు చేయరాదని, కనకయ్య, నరసింహులు అనువారి వ్యాజ్యములో మద్రాసు హైకోర్టు 1890లలోనే తీర్పు చెప్పినది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము, ప్రక్కవారి భూమి గాని కట్టడము గాని మన కట్టడమునకు 20 సంవత్సరములు అడ్డులేకుండ, హక్కుగా ఆధారమిచ్చినచో, ఆ ఆధారము మనకు నిలిచిన హక్కగును. మద్రాసు రాజధానిలో 1882 నుండి అమలైన ఈ చట్టమును 1891లో బొంబాయి రాజధానికి, అనగా షోలాపురము సోదరులకు కూడ, వర్తింపజేసినారు. మునిసిపాలిటీ ప్లాను మంజూరు చేసినంత మాత్రమున ఎవరికిని ఉమ్మడి గోడపై కొత్త హక్కు రాదు. అయితే మౌనము అర్ధాంగీకారము. తెలిసి ఊరకున్నవారు తరువాత పని ఆపించుమని కోరినచో 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టమే అడ్డువచ్చును. కావున జవాబు వెంటనే వ్రాయవలెను.

వద్దు అని ఒక్క ముక్కలో వ్రాయుట మాత్రము మంచిది కాదు. రేపు మన గోడయే పడవచ్చును, మనమే వారిని అడుగవలసిరావచ్చును. ఈ నాలుగు సంగతులు కోరుచు వ్రాసిన చాలును.

ఒకటి: పని మొదలుకాకముందు ఇరువురును మేస్త్రీతో కలిసి గోడను చూడవలెను. పాత పగుళ్ళను తేదీతో ఫొటోలు తీయవలెను. పగులుకు అడ్డముగా సిమెంటు బొట్టు పెట్టి తేదీ వ్రాసినచో, అది చిట్లిననాడు పగులు పెరుగుచున్నదని తెలియును.

రెండు: పునాదిని గోడ పొడవునా ఒకేసారి తవ్వరాదు. నాలుగైదడుగుల చొప్పున తవ్వి, కట్టి, పిమ్మట ముందుకు పోవలెను. వానకాలమున తవ్వరాదు. మన దూలములకు ముందే ఊతకొయ్యలు పెట్టవలెను.

మూడు: గోడ విప్పు దినములు పదిహేను రోజుల ముందు తెలుపవలెను. పడుగు ముగించుకొనుటకో, మగ్గము జరుపుకొనుటకో ఆ గడువు కావలెను. గుంటమగ్గము జరుపుట మంచము జరిపినట్లు కాదు. వేరొక గుంట తవ్వవలెను. దుమ్ము పడకుండ పరదా కట్టవలెను. గంజిపెట్టిన పడుగుపై సున్నపుదుమ్ము పడినచో నూలు చెడును.

నాలుగు: గోడకు, మగ్గమునకు, పడుగునకు నష్టము వచ్చినచో ఎవరు భరింతురో, నిలిచిన దినములకు కూలి ఎంతో ముందే వ్రాతమూలముగా ఉండవలెను.

జవాబు ఈ తీరున ఉండవచ్చును: “అయ్యా, మీ నోటీసు ఫలానా తేదీన అందినది. మీరు ఇల్లు కట్టుకొనుట మాకు సంతోషమే. గోడ ఉమ్మడిది గనుక ఈ నాలుగు సంగతులు కుదిరిన పిమ్మట పని మొదలుపెట్టగోరుచున్నాము. అంతవరకు ఇది మా సమ్మతిగా భావింపవలదు.” నకలు ఒకటి ఉంచుకొని, జవాబు రిజిస్ట్రేషనుతో స్పీడ్ పోస్టులో పంపవలెను.

వారు వినక పని మొదలుపెట్టినచో వకీలును చూడవలెను, ఆలస్యము చేయరాదు. నోటీసు ఏ భాషలో వచ్చినను ఆనాడే సంఘము ఆఫీసుకు తీసుకొని రండి. చదివి చెప్పుటకు, జవాబు వ్రాసిపెట్టుటకు మేమున్నాము.