అతిజాగ్రత్త ఎత్తుగడలు – దాడిపై ప్రభావం

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో దాడి చేసే జట్టు 4 ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు సాగాలి. బంతి చేజారుతుందన్న భయంతో కోచ్ మొదటి రెండు ప్రయత్నాల్లోనూ పాస్‌కు బదులు పరుగునే ఎంచుకుంటూ పోతే, ప్రత్యర్థి దాన్ని ముందే పసిగట్టి ఆటగాళ్లను ముందు వరుసకు చేరుస్తాడు. ఫలితంగా మూడో ప్రయత్నానికి ఎక్కువ గజాలు మిగులుతాయి. ఇక పాస్ తప్పదని అందరికీ తెలిసిపోతుంది. అంటే ప్రమాదం తొలగదు, మరింత కష్టమైన ఘట్టానికి వాయిదా పడుతుంది.

ఉదాహరణకు, 2023లో అయోవా విశ్వవిద్యాలయ జట్టు మ్యాచ్‌కు సగటున సుమారు 15 పాయింట్లే సాధించింది. దాడి విభాగం కోచ్ బ్రయాన్ ఫెరెంట్జ్ ఒప్పందంలో పెట్టిన లక్ష్యం 25. కీలక ఆటగాళ్ల గాయాలూ ఇందుకు ఒక కారణమే. బలమైన రక్షణతో ఆ జట్టు 10 మ్యాచ్‌లు గెలిచింది. కానీ బిగ్ టెన్ ఫైనల్లో మిషిగన్ చేతిలో 0–26తో ఓడింది. ప్రత్యర్థి రక్షణ కూడా అంతే బలంగా ఉన్నప్పుడు జాగ్రత్త ఒక్కటే గెలిపించదని గమనించండి.