బక్క పిల్లవాడు, 88 ఏళ్ళ ఆయుష్షు

అత్వెల్లి మొదలు అమలాపురం దాకా తల్లుల దిగులు ఒకటే: "మావాడు బక్కవాడు, ఆటలకెలా పంపను?"

జపాన్ కరాటే గురువు గిచిన్ ఫునకోషి 1868లో ఒకినావా దీవిలో నెలలు నిండకుండా పుట్టారు. ఎక్కువకాలం బతకడనుకున్నారు. బడి స్నేహితుని తండ్రి అజాటో ఆయనకు కరాటే నేర్పారు. రాత్రిపూట పెరట్లో ఒకే కదలికల వరుసను నెలల తరబడి చేయించేవారు. మూడు వరుసలకే పదేళ్ళు పట్టింది! ఒళ్ళు మాత్రం గట్టిపడింది. పెద్దయి బడిపంతులైనా సాధన మానలేదు. 1922లో టోక్యో వెళ్ళి కరాటే నేర్పారు. 1957లో 88 ఏళ్ళు నిండాక కన్నుమూశారు.

మీ పిల్లవాణ్ణి ఒకసారి డాక్టరుకు చూపించండి. ఆయన సరేనంటే మీ వాకిట్లోనే మొదలుపెట్టించండి. రోజూ కొంచెమే, కానీ విడవకుండా. పక్కింటి పిల్లవాడితో మాత్రం పోల్చకండి.