గిటార్ తీగను ఎంతవరకు బిగించవచ్చు?

నేటి జంషెడ్‌పూర్ అప్పట్లో సాక్చి. అక్కడి టాటా కర్మాగారంలో 1912లో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. కడ్డీలకు, రేకులకు వాడే మామూలు మెత్తని ఉక్కుతో గిటార్ తీగ చేశామనుకోండి. మూడో తీగకు రావలసిన స్వరం పలకకముందే అది తెగిపోతుంది. ఎంత లావు తీగైనా అంతే. గిటార్‌ను కొత్త శ్రుతుల్లో పెట్టి చూడాలనుకునేవారు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

గిటార్ ఆరు తీగలను లావు దాని నుంచి సన్న దాని వరకు ఇ, ఎ, డి, జి, బి, ఇ స్వరాలకు బిగించడం రివాజు. పౌనఃపున్యాల్లో చెబితే 82.4 హెర్ట్జ్ నుంచి 329.6 హెర్ట్జ్ వరకు. అయితే ఇదే ఉండాలన్న నియమం లేదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతం కోసం మాండొలిన్ నాలుగు జంట తీగలను వదిలి, ఐదు ఒంటి తీగల వాద్యం ఎంచుకున్నారు. గిటార్‌లో డి, ఎ, డి, జి, ఎ, డి అనే వరుసను 1960లలో ఇంగ్లిష్ కళాకారుడు డేవీ గ్రాహమ్ ప్రచారంలోకి తెచ్చారు. డి ని షడ్జమం అనుకుంటే ఇది స, ప, స, మ, ప, స. గాంధారం లేదు. అందుకే వట్టి తీగలు మీటితే తంబురా మోగినట్టే ఉంటుంది, పైన ఏ రాగమైనా అల్లుకోవచ్చు.

తీగ పౌనఃపున్యం దాని పొడవు, బిగువు, మీటరుకు ఉండే బరువులపై ఆధారపడుతుందని 1636లో మెర్సెన్ రాశారు. బిరడా తిప్పినప్పుడు మనం ముఖ్యంగా మార్చేది బిగువునే. పౌనఃపున్యం బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. లావు ఇ తీగను డి కి (73.4 హెర్ట్జ్) దించితే స్వరం 11 శాతమే తగ్గినా బిగువు దాదాపు ఐదో వంతు పోతుంది. వదులైన తీగ వెడల్పుగా ఊగి మెట్లకు తగిలి బరబరమంటుంది. దీనికి మందు కాస్త లావు తీగ.

పైకి బిగించేటప్పుడు మాత్రం ఆ మందు పనిచేయదు. 0.254 మిల్లీమీటర్ల మందం, 648 మిల్లీమీటర్ల పొడవున్న సన్న ఇ తీగపై సుమారు 7.4 కిలోల లాగుడు ఉంటుంది. అంత సన్నని తీగలో అది దాదాపు 1,430 మెగాపాస్కల్స్ ఒత్తిడి. మెత్తని ఉక్కు 400 దగ్గరే తెగుతుంది. తీగ అడ్డుకోత వైశాల్యం రెట్టింపు చేస్తే బరువూ రెట్టింపే, అదే స్వరానికి కావలసిన లాగుడూ రెట్టింపే. ఒత్తిడి మారదు. చుట్టు లేని తీగకు పై హద్దును నిర్ణయించేవి దాని పొడవు, లోహం సాంద్రత, బలం, అంతే. మెత్తని ఉక్కుకు ఆ హద్దు 174 హెర్ట్జ్. మూడో తీగ జి కి 196 కావాలి.

అందుకే గిటార్ తీగకు 0.8 శాతం, ఆపైన కార్బన్ ఉన్న ఉక్కును చిన్న చిన్న రంధ్రాల గుండా చల్లగానే లాగి సన్నం చేస్తారు. బలం 2,500 మెగాపాస్కల్స్ వరకు పెరుగుతుంది. లెక్క ప్రకారం 435 హెర్ట్జ్ దాకా బిగించవచ్చు. బిరడా దగ్గర వంపు, చెమటకు పట్టే తుప్పు వల్ల ఇంకా ముందే తెగుతుంది.

ఇ, బి, ఇ, జి షార్ప్, బి, ఇ వరుసకు మూడు తీగలను పైకి బిగించాలి. వాటిలో రెండింటిపై బిగువు 26 శాతం పెరుగుతుంది. అందుకే చాలామంది మొత్తం వరుసను రెండు మెట్లు కిందికి దించి శ్రుతి చేసుకుని, రెండో మెట్టు మీద కాపో బిగించి వాయిస్తారు.