మేనిపై అత్తరు

అత్తరు కొనునపుడు మనలో చాలమంది చేయు పని యొకటే. అంగడివాడు గాజుపుల్లను సీసాలో ముంచి మన చేతి వెనుక రాచును. మనము వెంటనే చేయి ముక్కునకు చేర్చి, బాగున్నదని తల యూచి, సొమ్ము చెల్లించి వత్తుము. ఇల్లు చేరునప్పటికి ఆ వాసన మరియొకటి యగును. వారము తిరుగకుండ సీసా బీరువాలో మూల జేరును. హైదరాబాదులో చార్మినారు చుట్టుపట్ల దుకాణములలో గాని, రంజాను మాసమున మన కనిగిరి వంటి ఊళ్ళలో మసీదుల చెంత వేయు చిన్న బల్లల వద్ద గాని ఇదియే జరుగును. కొన్ని గంటలకు గాని తేలని విషయమును ఒక్క నిమిషములో తేల్చబూనుటయే ఇందలి చిక్కు.

ఈ చిక్కు తెలియవలెనన్న అత్తరు తయారగు తీరు కొంత తెలియవలెను. ఉత్తరప్రదేశమునందలి కనౌజు పట్టణములో నేటికిని పాత పద్ధతి నడచుచున్నది. పెద్ద రాగికాగులో పూలును నీళ్ళును పోసి, మూత చుట్టును బంకమట్టి మెత్తి, సన్నని మంట పెట్టుదురు. ఆవిరి వెదురు గొట్టము గుండ పోయి, చల్లని నీటిలో నుంచిన మరియొక రాగిపాత్రలో దిగును. ఆ పాత్రలో ముందుగనే చందనతైలము పోసియుందురు. పూలవాసన అందులో పట్టువడును. అడుగున తేరిన నీటిని తీసివేసి, మరల కొత్తపూలతో ఇదే పని కొన్ని దినములు సాగింతురు. కావున మేలైన గులాబి అత్తరు వట్టి గులాబి కాదు. చందనముపై కూర్చున్న గులాబి.

ఈ రెండును ఒకే వేగమున పోవు. నిమ్మ, నారింజ తొక్కలలో నుండు లిమొనీను 176 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. చందనమునకు వాసన నిచ్చు శాంటలాలునకు 300 డిగ్రీలు దాటవలెను. తేలికవి ముందు ఎగిరిపోవును, బరువైనవి గంటల తరబడి చర్మమును పట్టుకొని యుండును. అంగడిలో మనము మూచూచునది ఆ ఎగిరిపోవు భాగమునే. పైగా సెంటులలో వలె అత్తరులో మద్యసారము లేదు గనుక అది గుప్పున గది నిండదు. మేనిని అంటిపెట్టుకొని మెల్లగ విడుచును. సెంటునకు అలవాటుపడిన ముక్కు దీనిని బలహీనమని తోసివేయుట కద్దు. అది తొందరపాటు తీర్పు.

ఇక చర్మము మాట. చేతి చర్మపు వేడిమి సాధారణముగ 32 నుండి 34 డిగ్రీలు. కనిగిరిలో వేసవి నాడు గాలి 40 డిగ్రీలు దాటుట వింత కాదు. అప్పుడు గాలియే చర్మముకన్న వేడిగ నుండును. తేలిక వాసనలు అరగంటలో హరించిపోవును, చెమట మిగిలినదానిని పలుచన చేయును. చలికాలమున హైదరాబాదులో మేము మెచ్చిన శమామా ఇక్కడ మే మాసపు మధ్యాహ్నమున తలనొప్పి దెచ్చినది. సీసాలోని సరకు అదియే, కాలము వేరు. పెక్కు మూలికలతోను మసాలాలతోను చేయు శమామాను, హెన్నాను శీతకాలమునకు వాడుట ఉత్తరాదిన పాత యాచారము. ఏ ఋతువులో పూసికొందుమో ఆ ఋతువులోనే పరీక్షింపవలెనని మా మతము.

పరీక్ష ఇట్లు చేయవచ్చును. ముంజేతిని పరిమళము లేని సబ్బుతో కడిగి ఆరనిండు. కొబ్బరినూనె, పౌడరు, పసుపు ఏదియు నుండరాదు. మణికట్టు మాటిమాటికి తడియును గనుక దానికన్న మోచేతి మడతకు దిగువ భాగము మేలు. గాజుపుల్ల కొనతో ఒక చిన్న చుక్క చాలును. రెండు చేతులు కలిపి రుద్దరాదు. రుద్దినచో అణువులు విరుగునని కొంద రందురు గాని అది నిజము కాదు. రాపిడి వేడికి తొలివాసన త్వరగ పోవును, అంతే. ఒక చేతికి ఒక అత్తరు, రెండవ చేతికి మరియొకటి; ఒక దినమున ఇంతకు మించవద్దు. పూసిన వేళ ఒక కాగితముపై వ్రాసికొని, పావుగంటకు, గంటకు, నాలుగు గంటలకు, మరునాటి ప్రొద్దున స్నానమునకు ముందు మూచూచి, తోచిన మాట ఎదురుగ వ్రాయుడు. ‘పండిన జామ’, ‘తడిసిన గోనె’, ‘గుడిలోని హారతి’ — ఏ మాటయైనను సరే. కాగితము లేనిచో సాయంకాలమునకు ఉదయపు వాసన మనసున నిలువదు.

ముక్కు త్వరగ మొద్దుబారును. అంగళ్ళలో కాఫీగింజలు మూచూడ నిత్తురు. 2011లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో అవి వట్టి గాలికన్న ఎక్కువ మేలు చేసినట్లు తేలలేదు. బయటికి పోయి పది నిమిషములు నిలుచుట చాలును. మన ప్రాంతమునకు ప్రత్యేకముగ నొక హెచ్చరిక కలదు: మిరప కళ్ళము నుండి గాని, మిరప యార్డు నుండి గాని వచ్చిన దినమున ఈ పని పెట్టుకొనవద్దు. మిరపఘాటు నిజమునకు వాసన కాదు, మంట. ఆ మంట కొంతసేపు ముక్కును దేనికిని పనికిరాకుండ జేయును.

ఇప్పుడు తీర్పు. నాలుగు గంటల పిమ్మట చేతిపై ఏమి మిగిలినదో అదియే మీరు కొనునది. చందనపు మెత్తని తీపి నిలిచియున్నచో అడుగు మంచిది. గులాబి అని చెప్పినది ఉదయము నుండి రాత్రి వరకు ఒకే తీరున, ఒకే బిగువున కొట్టుచున్నచో అది ప్రయోగశాలలో పుట్టినది కావచ్చును. కొంతసేపు ఘుమఘుమలాడి పిదప జిడ్డు మాత్రమే మిగిలినచో, చందనతైలమునకు బదులు లిక్విడ్ పారఫిన్ వంటి వాసన లేని నూనె పోసిరని శంకింపవచ్చును. చందనము ప్రియమైన కొలది ఈ అలవాటు పెరిగినది. ధర కూడ ఒక సాక్షియే: ఒక కిలో గులాబితైలమునకు సుమారు మూడు నాలుగు టన్నుల పూరేకులు కావలెను, అనగా ఒక్క తులమునకు దాదాపు నలుబది కిలోలు. కూరగాయల ధరకు వచ్చు ‘అసలు గులాబి’ని నమ్ముటకు మాకు మనసొప్పదు.

అయితే కృత్రిమమైన దెల్ల చెడ్డది కాదు. కస్తూరిమృగమును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది గనుక నేడు అంగడిలో నమ్ము కస్తూరి అత్తరు కృత్రిమమైనదే కావలెను, కాకున్నచోనే కొనరాదు. పునుగు మరియొక పాఠము. తిరుమలలో శుక్రవారాభిషేకము పిమ్మట స్వామివారికి అలదు ఆ తైలపు మూలద్రవ్యము చిక్కగ నున్నపుడు దుర్గంధము, పలుచనైనపుడు పరిమళము. కావున అత్తరును చర్మమునకు ముక్కానించి ఒకసారి, జానెడు దూరము నుండి ఒకసారి చూడవలెను. ఎదుటివారికి తెలియునది రెండవదే.

ఈ పరీక్షలు మన నేలకు కొత్తవి కానేరవు. కనిగిరికి తూర్పున సముద్రపుటొడ్డున నున్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనము, ఓడల మీద వచ్చు చందనమునకు, కర్పూరమునకు, పన్నీటికి సుంకములు నిర్ణయించినది. తరువాత కొండవీటి కుమారగిరిరెడ్డి కర్పూరవసంతరాయడని పేరొందెను. ఆయన వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును ఆయనకే అంకితమిచ్చెను. తూచి సుంకము కట్టిన సరకును ఎవరో మూచూచి మేలుకీళ్ళు తేల్చియే యుందురు.

వాసనకన్న ముందు చూడవలసినది చర్మక్షేమము. పూసిన చోట 24 నుండి 48 గంటలలో ఎరుపు, దురద, పొక్కులు కానవచ్చినచో కడిగివేసి, ఆ సీసా మానవలెను. తగ్గనిచో వైద్యునికి చూపవలెను. పూవుల నుండి వచ్చినది గనుక హాని చేయదనుట పొరపాటు. లిమొనీను, లినలూలు వంటివి గాలి తగిలి పాతబడిన కొలది చర్మమునకు పడకపోవుట హెచ్చును. పిండితీసిన నిమ్మ, బెర్గమాటు నూనెలను పూసికొని ఎండలోనికి పోయినచో చర్మము కమిలి, నెలల తరబడి మచ్చలు నిలుచును. ఐరోపా సంఘము 2023లో, సీసాపై పేర్కొనవలసిన ఇట్టి పదార్థముల పట్టికను ఎనుబదికి పైగా పెంచినది. మన బల్లలపై అమ్ము చిన్న సీసాలకు పేరు తప్ప వేరొక అక్షరము తరచుగ నుండదు. కావున ఇక్కడ మన ముంజేయియే చీటీ. పసిపిల్లలపైనను, గాయములపైనను, కన్నుల దరిదాపులను ఈ ప్రయోగము కూడదు.

కనిగిరి వేసవికి మేము దేనిని ఎన్నుకొందుమని అడిగినచో, వట్టివేరు మొదట, మట్టి అత్తరు తరువాత. మట్టి అత్తరు చిత్రమైన వస్తువు. కాల్చిన మట్టిపెంకులను ఆ రాగికాగులోనే వేసి, ఆవిరిని చందనతైలములో పట్టుదురు. తొలకరి వాసన సీసా కెక్కును. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ జాయ్ బేరు, రిచర్డు థామసు ఎండిన నేలపై వాన పడినపుడు లేచు వాసనకు పెట్రికోరు అని పేరు పెట్టుచు, కనౌజు అత్తరును కూడ ప్రస్తావించిరి. వానకై మబ్బు వంక చూచు మెట్టపొలాల వారికి దీనిని వర్ణించి చెప్పనక్కరలేదు. అయితే ఇది మేనిపై మొదటి పావుగంట బంకమట్టిగ, కొంత చేదుగ నుండును. అప్పుడే కడిగివేయక గంటసేపు ఆగుడు; తడినేల చల్లదనము అప్పటికి గాని పైకి తేలదు.

కొనదలచినపుడు పావుతులము చాలును. తెల్లని నూలుబట్టపై పూయకుడు, నూనెమరక పోదు. సీసాకు బిగువైన బిరడా వేసి, ఎండ సోకని పెట్టెలో నుంచుడు.