చెత్తదిబ్బల శుద్ధి: తవ్విన మట్టి పొలానికి చేరేముందు

"దిబ్బ తవ్వి జల్లెడ పట్టిన మట్టిని ఊరికే ఇస్తామంటున్నారు సార్, చెరువు మట్టి లాంటిదే కదా, తోలుకోవచ్చా?" ఒక రైతు సదస్సులో నాకు ఎదురైన ప్రశ్న ఇది. ఆనాడు నేను ఇచ్చిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. 2019లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పాత వ్యర్థాల తొలగింపుపై మార్గదర్శకాలు వెలువరించింది. 2021లో స్వచ్ఛ భారత్ మిషన్ పట్టణ విభాగం రెండవ దశ ప్రారంభమైంది. అప్పటి నుంచి పాత దిబ్బలను తవ్వే పనులు ఊపందుకున్నాయి. ఆ మట్టి చివరకు చేరేది చాలాచోట్ల సాగు భూములకే. కనుక దిబ్బను ఎలా పరిశోధిస్తారో విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవలసి ఉంది.

పరిశోధన దిబ్బ చరిత్రతో మొదలవుతుంది. చెత్త ఎప్పటి నుంచి పోశారు, ఇంటి చెత్తతోపాటు బ్యాటరీలు, ఆసుపత్రి వ్యర్థాలు, పరిశ్రమల బురద కలిశాయా అన్నది ముందుగా విచారించాలి. ఏ మూలకాలను పరీక్షించాలో ఈ సమాచారమే నిర్ణయిస్తుంది. తర్వాత నీటి సంగతి. కనీసం మూడు బావులలో నీటి మట్టాల ఎత్తు కొలిస్తే భూగర్భ జలం ఏ దిక్కుకు కదులుతోందో అంచనాకు వస్తుంది. దిబ్బకు ఎగువన ఒక బావి, దిగువన కొన్ని బావులు ఎంచుకొని, వర్షాకాలానికి ముందూ తర్వాతా నమూనాలు తీయాలి. చెత్త నుంచి ఊరే నల్లని ద్రవాన్ని లీచేట్ అంటారు. అందులోని క్లోరైడును నేల పట్టి ఉంచదు కాబట్టి అది అందరికంటే ముందు బావిని చేరుతుంది. అమ్మోనియా రూపంలోని నత్రజనిని బంకమన్ను కొంతకాలం ఆపుతుంది. భార లోహాలు సాధారణంగా ఇంకా వెనుక వస్తాయి. అందువల్ల లోహాలు కనిపించలేదని బావి నీరు నిర్మలమని తీర్మానించడం తొందరపాటు. ఎగువ బావికన్నా దిగువ బావిలో క్లోరైడు, విద్యుత్ వాహకత పెరుగుతుంటే దానిని తొలి హెచ్చరికగా భావించాలి. మురుగునీటి వల్ల కూడా ఇవి పెరగవచ్చు గనుక ఆ అవకాశాన్నీ పరిశీలించాలి.

తెలంగాణలోని గ్రానైటు భూములలో మరో చిక్కు ఉంది. అక్కడ నీరు రాతి పగుళ్ల వెంట నడుస్తుంది. దిబ్బ పక్కనే ఉన్న బోరు బాగుండి, దూరాన ఉన్న బోరు చెడిపోవడం అసాధ్యమేమీ కాదు. ఎన్ని మీటర్ల దూరం అన్న లెక్కతో మాత్రమే హద్దు గీస్తే పొరబడతాం.

హైదరాబాదు శివారులోని జవహర్‌నగర్ దిబ్బ మనకు దగ్గరి ఉదాహరణ. సుమారు 350 ఎకరాల ఆ ప్రాంగణంలో పేరుకున్న దాదాపు 1.2 కోట్ల టన్నుల పాత చెత్తపై కప్పు వేశారు. అక్కడి లీచేట్ దిగువనున్న మల్కారం చెరువును కలుషితం చేసింది. కప్పు వాన నీటిని ఆపుతుంది, దుర్వాసననూ మంటలనూ తగ్గిస్తుంది. అయితే అడుగున పొర లేని పాత దిబ్బలలో అప్పటికే నానిన చెత్త ఊరుతూనే ఉంటుంది. కప్పు వేయడం శుద్ధిలో సగమేనని నా అభిప్రాయం. లీచేట్ సేకరణ, బావుల పర్యవేక్షణ ఏళ్ల తరబడి కొనసాగాలి.

రెండవ మార్గం బయోమైనింగ్. దిబ్బను పొరలుగా వదులు చేసి, పొడవాటి కుప్పలుగా పోసి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి తిరగవేస్తారు. కుళ్లడం ముగిశాక ట్రామెల్ జల్లెడలో ప్లాస్టిక్, రాళ్లు, మెత్తని మట్టి వేరవుతాయి. తవ్వేచోట మీథేన్ కొలవడం తప్పనిసరి. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య అది పేలుడు స్వభావం కలది.

రైతు ప్రశ్న ఈ మెత్తని మట్టి గురించే. చూడటానికి అది నల్లగా, చేతికి పొడిపొడిగా ఉంటుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు (1985) ప్రకారం పట్టణ కంపోస్టులో కాడ్మియం కిలోకు 5 మి.గ్రా., సీసం 100, క్రోమియం 50, నికెల్ 50 మి.గ్రా. మించరాదు. సేంద్రియ కర్బనం కనీసం 12 శాతం ఉండాలి. విద్యుత్ వాహకత 4 డెసీసైమన్లకు మించరాదు. దిబ్బ మట్టి తరచుగా కర్బనం దగ్గరే తప్పుతుంది. దానిని కంపోస్టు అనడం సరికాదు.

ప్రమాణాలకు లోబడిన మట్టితోనూ ఒక ఇబ్బంది ఉంది. ఈ పరిమితులు కంపోస్టు మోతాదును దృష్టిలో పెట్టుకొన్నవి. హెక్టారులో 15 సెం.మీ. లోతు నేల బరువు సుమారు 22.4 లక్షల కిలోలు. కిలోకు 5 మి.గ్రా. కాడ్మియం ఉన్న కంపోస్టు 5 టన్నులు వేస్తే చేరేది 25 గ్రాములు, అంటే కిలో నేలకు 0.01 మి.గ్రా. అదే పదార్థాన్ని చెరువు మట్టిలా హెక్టారుకు 100 టన్నులు తోలితే 500 గ్రాములు చేరి, పెరుగుదల 0.22 మి.గ్రా. అవుతుంది. ఐదుసార్లు తోలితే 1 మి.గ్రా. దాటుతుంది. కాలుష్యం లేని నేలల్లో మొత్తం కాడ్మియం సాధారణంగా అంతకు తక్కువే. నేలలో చేరిన లోహం కుళ్లిపోదు, పంటతో బయటకు పోయేది స్వల్పం.

నేల స్వభావమూ ముఖ్యమే. సున్నం గల నల్లరేగడిలో కాడ్మియం చాలావరకు బిగిసి ఉంటుంది. ఆమ్ల గుణం గల ఎర్ర చల్కల్లో మొక్కకు సులభంగా అందుతుంది. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు దానిని ఎక్కువగా గ్రహిస్తాయి. నగరాల చుట్టూ ఆకుకూరలు పండించే చిన్న కమతాలకే ఈ మట్టి మొదట చేరే అవకాశం ఉండటం నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న అంశం.

అందుచేత దిబ్బ మొత్తానికి ఒక్క నివేదిక చాలదు. దిబ్బను గళ్లుగా విభజించి, వేర్వేరు లోతుల నుంచి నమూనాలు తీసి, జల్లెడ పట్టిన ప్రతి విడత మట్టినీ మొత్తం లోహాలకూ, డిటిపిఎ ద్రావణంలో కరిగే లోహాలకూ పరీక్షించాలి. ప్రమాణం దాటిన మట్టిని సాగు భూమికి దూరంగా ఉంచాలి. దాటనిదానిని పల్లపు నేలలు పూడ్చడానికి, రహదారి గట్లకు, నీడ చెట్ల గుంతలకు వాడటం మేలు. లోహాలు కరిగి నీటిలోకి దిగవని పరీక్షలో తేలాకే ఆ పని కూడా చేయాలి. ఆ రైతు మళ్లీ అడిగితే, ఆ విడత మట్టి పరీక్ష నివేదిక చూపమని కోరండి, అది చేతికి వచ్చేవరకు ట్రాక్టరును పొలం గట్టు దాటనివ్వకండి అని చెబుతాను.