ఈమెయిలు సర్వరుకు ఏది పునాది?

సిరిసిల్ల మరమగ్గముల వస్త్రమునకు బేరములు కుదుర్చు లేఖలును, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫ్ దేశములకు తరలినవారి కాగితములును నేడు ఈమెయిలు రూపమునను ప్రయాణించుచున్నవి. వానిని స్వీకరించి భద్రపరచు సర్వరును స్వయముగా నడుపదలచిన సంస్థ మొదట ఎంచుకొనవలసినది డిస్ట్రిబ్యూషన్, అనగా లినక్స్ మూలమునకు ఉపకరణములు చేర్చి కూర్చిన ఆపరేటింగ్ సిస్టమ్. లేఖలను చేరవేయు పోస్ట్‌ఫిక్స్, పెట్టెలో భద్రపరచి చూపు డవ్‌కాట్ ప్రధాన డిస్ట్రిబ్యూషన్లన్నిటియందును లభించును గావున, విచారింపవలసినది హంగులను గాదు, భద్రతా సవరణలు ఎంతకాలము వచ్చునన్నదానిని.

2029 వరకు సవరణలు అందునని నమ్మి సెంటాస్ అను డిస్ట్రిబ్యూషన్ 8వ ప్రతిని స్థాపించుకొన్నవారు, 2020 డిసెంబరునాటి ప్రకటనతో, 2021 డిసెంబరు 31కే ఆధారము కోల్పోయిరి. ఆ నమ్మకభంగము నాకు నేటికిని బాధాకరము. ఆ లోటు తీర్చుటకే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ అవతరించినవి. అయినను, 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ ఏ వాణిజ్యసంస్థ సొత్తును గాక స్వచ్ఛందసేవకుల సమష్టికృషి యగుటచేతను, దాని స్థిరప్రతికి సుమారు ఐదేండ్లు సవరణలు లభించుటచేతను, చిన్న పట్టణపు సంస్థకు నేను దానినే సూచింతును.

సెంటాస్ 7 గడువు సైతము 2024 జూన్ 30న ముగిసినది. దానిని ఇంకను నడుపుచున్నవారు ఆలసింపక మార్చుకొందురుగాక.