మీకు తెలుసా? జొన్నచేను దొంగకు అక్కడ రాళ్ల ఇల్లు!
ఫిబ్రవరి, మార్చిలో విరగబూసిన మోదుగ, బూరుగు చెట్ల దగ్గర పొద్దున్నే కాసేపు నిలబడండి. నల్లతల, గులాబీ ఒళ్లు ఉన్న గోరింకలు గుంపులుగా వాలి, పూలతేనె కోసం ఒకటే గోల. ఇవే గులాబీ గోరింకలు, మనకు చలికాలపు చుట్టాలు. ఏప్రిల్‌లో చాలావరకు మధ్య ఆసియా గడ్డిమైదానాల దారి పడతాయి. గుడ్లు పెట్టేది అక్కడే, మిడతలు దండిగా దొరికేచోట. జొన్నకంకులు తినేస్తాయని మన రైతులు మంచెలెక్కి వడిసెలతో తోలే ఈ పిట్టలకే చైనాలోని షిన్‌జియాంగ్‌లో పనిగట్టుకుని రాళ్లగుట్టలు పేర్చి గూళ్లకు చోటిచ్చారు. మిడతల పని పడతాయని! అన్నట్టు, గుంపులో రంగు మసకబారిన పిట్టలుంటే వేరే జాతి అనుకోకండి. నిరుడు పుట్టిన పిల్లలు కావచ్చు.